పద్మిని స్లోలో నిలవడం లేదు

గోదావరి పద్మిని:
మా నాన్నగారి 1986 ప్రీమియర్ పద్మిని కారు, సోలెక్స్ కార్బ్యురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు అందించేది). పొద్దున చోక్ లాగి స్టార్ట్ చేస్తే చక్కగా తిరుగుతుంది. వేడెక్కాక చోక్ లోపలికి నెట్టగానే వణికి ఆగిపోతోంది. రోడ్డు మీద లాగుడు బాగానే ఉంది, సిగ్నల్ పడితేనే భయం. ప్లగ్గులు, పాయింట్లు, కండెన్సర్ కొత్తవి. మెకానిక్ స్లో స్క్రూ (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజన్ వేగాన్ని సరిచేసేది) బిగించారు, కొన్నాళ్లకు మళ్లీ మొదటికొచ్చింది. ఇప్పుడు కార్బ్యురేటరే మార్చమంటున్నారు. మార్చాలా?

పాత పానా:
మార్చకండి. చోక్ లాగితే గాలి తగ్గి పెట్రోలు పాలు పెరుగుతుంది. అప్పుడే కుదురుగా తిరుగుతోందంటే పెట్రోలు-గాలి మిశ్రమం పలచనైందని అర్థం. స్లోలో పెట్రోలు చాలడం లేదు, లేదా ఎక్కడినుంచో దొంగగాలి చొరబడుతోంది. లాగుడు బాగుంది కాబట్టి పరుగులో పెట్రోలు అందించే మెయిన్ జెట్ జోలికి వెళ్లకండి.

ముందు స్లోలో పెట్రోలు అందించే చిన్న స్లో జెట్ విప్పి వెలుతురుకు పెట్టి చూడండి, రంధ్రం గుండ్రంగా కనిపించాలి. గాలి కొట్టించండి. తీగ మాత్రం దూర్చవద్దు, ఇత్తడి మెత్తనిది, రంధ్రం సాగితే జెట్ పోయినట్టే. తరువాత ఇంజన్ ఆపి త్రాటిల్ షాఫ్ట్ (గాలిదారిని తెరిచి మూసే త్రాటిల్ ప్లేటు తిరిగే ఇరుసు) కొసను వేళ్లతో పట్టుకుని పైకీ కిందికీ కదపండి. ఆడితే గాలి అక్కడినుంచే వస్తోంది. కార్బ్యురేటర్ కింద ప్యాకింగ్ కూడా చూడండి.

స్లో స్క్రూ బిగించి పంపేయడం నాకు అస్సలు నచ్చదు. త్రాటిల్ ప్లేటు మరీ తెరుచుకుంటే ఆ తరువాత మిక్స్చర్ స్క్రూ (స్లోలో మిశ్రమాన్ని సరిచేసేది) ఎంత తిప్పినా ఇంజన్‌లో తేడా కనిపించదు.

విజయవాడ ఫియట్:
పెట్రోలు గొట్టాలు కూడా చూసుకోండి. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తోంది. పాత జెట్లతో అది మిశ్రమాన్ని ఇంకా పలచన చేస్తుంది, పాత రబ్బరునూ పాడుచేస్తుంది. రాలిన రబ్బరు జెట్‌కు అడ్డుపడవచ్చు.

గోదావరి పద్మిని:
జెట్ శుభ్రంగానే ఉందండి. షాఫ్ట్ మాత్రం వేలికి స్పష్టంగా తెలిసేంత ఆడుతోంది. లేత్ మీద బుష్ (షాఫ్ట్ చుట్టూ లోహపు తొడుగు) వేస్తామన్నారు. ఆ తరువాత స్క్రూలు ఎలా పెట్టాలి?

పాత పానా:
అయితే దొంగ దొరికినట్టే, బుష్ వేయించండి. ఇంజన్ బాగా వేడెక్కాక, చోక్ పూర్తిగా లోపల ఉంచి, మిక్స్చర్ స్క్రూను మెల్లగా లోపలికి తిప్పండి. ఇంజన్ తడబడగానే ఆపి, వెనక్కి తిప్పుతూ ఎక్కడ నున్నగా తిరుగుతుందో అక్కడ వదలండి. వేగం పెరిగితే స్లో స్క్రూ తగ్గించి మళ్లీ సరిచూడండి. హెడ్‌లైట్లు వేసినా ఆగకూడదు.

ఇంకొకటి, బుష్ పని కోసం త్రాటిల్ ప్లేటు విప్పుతారు. తిరిగి బిగించేటప్పుడు దాని చిన్న స్క్రూల కొసలను నొక్కించమని దగ్గరుండి చెప్పండి. అవి ఊడితే నేరుగా ఇంజన్‌లోకే పోతాయి.