జనరేటర్ ఆఫ్‌లో ఉన్నా పెట్రోల్ వాసన, లీకు ఎక్కడో పట్టుకోవడం ఎలా?

ప్రశ్న:
ఇంట్లో వాడే చిన్న పెట్రోల్ జనరేటర్ అండి, కొన్ని నెలలు కదపకుండా షెడ్డులో ఉండిపోయింది. ఇప్పుడు తలుపు తీస్తే గుప్పుమని వాసన. ట్యాంకు చుట్టూ తడి లేదు, కార్బురేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి పంపే భాగం) వైపు కింద మరక ఉంది. స్టార్ట్ అవుతుంది గానీ నల్ల పొగ కొడుతోంది. పైపు మారిస్తే సరిపోతుందా?

జవాబు 1:
ముందు స్టార్ట్ చేయడం ఆపండి బాబూ. బయటికి, గాలాడే చోటికి లాగండి. పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువు, నేలబారునే పేరుకుంటుంది, ఆ షెడ్డులో లైటు స్విచ్ కూడా ముట్టుకోవద్దు. తర్వాత ఫ్యూయల్ కాక్ (ట్యాంకు నుంచి వచ్చే పెట్రోల్‌ని ఆపే కుళాయి) మూసేసి, అంతా పొడి గుడ్డతో తుడిచి, కింద అట్టముక్క పరిచి ఓ గంట వదిలేయండి. అట్ట తడవలేదంటే ట్యాంకు నుంచి కాక్ దాకా బానే ఉన్నట్టు. ఇప్పుడు ఇంజిన్ వేయకుండా కాక్ మాత్రం తెరిచి చూడండి, కార్బురేటర్ కింది గిన్నె అంచున చెమ్మ వస్తే గాస్కెట్ (అంచు సీలు) పోయినట్టు, డ్రెయిన్ స్క్రూ దగ్గర చుక్క వేలాడితే దాని వాషర్, ఎయిర్ ఫిల్టర్ వైపు నుంచి కారితే ఫ్లోట్ నీడిల్ (గిన్నె నిండగానే పెట్రోల్‌ని ఆపే సూది) సరిగా మూసుకోవట్లేదు. నల్ల పొగ అంటే పెట్రోల్ ఎక్కువ పోతోందన్నమాట, కాబట్టి నా డౌటంతా నీడిల్ మీదే.

జవాబు 2:
డిప్‌స్టిక్ (ఇంజిన్ ఆయిల్ లెవెల్ చూసే పుల్ల) కూడా తీసి చూడండి. ఆయిల్ లెవెల్ పెరిగి, పల్చబడి, పెట్రోల్ వాసన వస్తే నీడిల్ దాటిన పెట్రోల్ సిలిండర్‌లోంచి క్రాంక్‌కేస్‌లోకి (ఆయిల్ ఉండే ఇంజిన్ అడుగు భాగం) దిగినట్టే. అలాగే నడిపితే లోపలి పార్టులు అరిగిపోతాయి, ముందు లీకు ఆపి తర్వాత ఆయిల్ మార్చండి.

ప్రశ్న వేసినవారు:
చూశానండి, ఆయిల్ పై గీత దాటేసింది, వాసన కూడా ఉంది. కాక్ మూస్తే చుక్క పడట్లేదు, తెరిస్తే ఎయిర్ ఫిల్టర్ స్పాంజి తడుస్తోంది. కార్బురేటర్ మొత్తం మార్చాలా?

జవాబు 3:
అప్పుడే కొనకు బ్రో, గిన్నె విప్పి చూడు. నిల్వ పెట్రోల్ ఎండి జిగురు కట్టి నీడిల్ ఇరుక్కుపోవడం మామూలే, అలాగైతే కార్బురేటర్ క్లీనర్ కొట్టి నీడిల్ ఆనే సీటు తుడిస్తే చాలు. నీడిల్ కొన మీద చుట్టూ గాడి పడి ఉంటే మాత్రం మార్చాల్సిందే, గాస్కెట్‌తో కలిపి కిట్‌గా దొరుకుతుంది, మోడల్ నంబర్ సరిచూసుకో. ఫ్లోట్‌ని (గిన్నెలో తేలుతూ నీడిల్‌ని కదిపే బోలు ముక్క) చెవి దగ్గర ఊపు, లోపల గలగలమంటే చిల్లు పడిందన్నమాట. పైపుని వేళ్లతో వంచి చూడు, పగుళ్లు కనిపిస్తే ఎలాగూ విప్పావు కదా అదీ మార్చేయ్. బిగించాక టెస్టింగ్ ఆరుబయటే, షెడ్డులో పెట్టి వేస్తే పొగలోని కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది, ఆ విషవాయువుకి వాసన కూడా ఉండదు. ఇకపై పక్కన పెట్టేటప్పుడు కాక్ మూసి, గిన్నెలో పెట్రోల్ అయిపోయి ఇంజిన్ దానంతటదే ఆగేదాకా నడవనివ్వు.