సంత కోళ్లతో కొక్కెర తెగులు వచ్చింది, ఇప్పుడు టీకా వేయించొచ్చా?

తణుకు_పెరడు:
పక్కింటివాళ్లు సంత నుంచి పెట్టల్ని తెచ్చిన వారానికే గూడంతా ఖాళీ. ఆకుపచ్చ రెట్టలు, మెడ వంకర తిరగడం... కొక్కెరే అంటున్నారు అందరూ. మావి ఇంకా హుషారుగానే తిరుగుతున్నాయి. పసుపు, వెల్లుల్లి నూరి నూకల్లో కలుపుతున్నా. చాలదా?

పాత_పశువైద్య_సహాయకుడు:
పసుపు పెట్టండి, నష్టం లేదు. కానీ కొక్కెర వైరస్ జబ్బండీ, వచ్చాక మందు లేదు. కునికే కోడి ఒక్కటీ లేదంటే ఈరోజే టీకా వేయించండి. వైరస్ ముందే సోకిన కోడిని టీకా కాపాడదు. ఒకటి రెండు పోతే సూది వల్లే చచ్చాయని డాక్టర్ మీదకి వెళ్లకండి! కోడిపిల్లలకి మొదటి వారంలో లసోటా టీకా, కంట్లో ఒక చుక్క. ఎనిమిది వారాలు నిండాక ఆర్2బి అనే టీకా, రెక్క కింద చర్మంలోకి అర మి.లీ. ఇది మాత్రం చిన్నపిల్లలకి వేయకూడదు, దాని ఘాటుకి అవి తట్టుకోలేవు.

కరీంనగర్_గంప:
మా దిక్కు అసలు తిప్పలు సీసాతోని. ఒక్క సీసల వంద డోసులుంటయి, ఇంట్ల కోళ్లు పదో పదిహేనో. కలిపినంక రెండు గంటలల్ల వాడాలె, మిగిలింది పారబోసుడే. అందుకే వాడకట్టోళ్లమంతా పైసలు వేసుకొని తెస్తం. పొద్దుగాల గంపలు లేపకముందే ఇంటింటికి తిరిగి వేసుడు. కోళ్లు గోడలు దుంకి అందరిండ్లల్ల తిరుగుతయి, ఒక్కరింట్ల వేస్తే ఏం ఫాయిద? ఐస్ లేకుంట ఇస్తే మాత్రం తీసుకోకుండ్రి, అది ఉత్త నీళ్లే.

నూజివీడు_వనరాజా:
మా ఇంట్లో తెగులు కన్నా ముంగిసే ఎక్కువ తినేసింది 😡 కోడివల కన్నాల్లోంచి పాము కూడా దూరుతుంది. పిల్లల గూటికి అరంగుళం వెల్డ్ మెష్ కొట్టించి, అడుగు భాగం మట్టిలో పాతాక గానీ నిద్రపట్టలేదు. కొత్త కోడి వస్తే రెండు మూడు వారాలు వేరే గంప కిందే. దాని నీళ్ల చిప్ప కూడా వేరు.

తణుకు_పెరడు:
వాళ్ల చచ్చిన కోళ్లు కాలవలో పడేశారు...

పాత_పశువైద్య_సహాయకుడు:
అయ్యో! లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాలి. ఇంకో సంగతి. 2025 ఫిబ్రవరిలో మీ పక్కనే వేల్పూరులో బర్డ్ ఫ్లూ బయటపడింది కదా. కంటికి రెండు జబ్బులూ ఒకేలా ఉంటాయి, తేల్చేది ల్యాబే. ఒక్కసారిగా పోతుంటే ఒట్టి చేతుల్తో ముట్టుకోకుండా పశువైద్య హెల్ప్‌లైన్ 1962కి ఫోన్ కొట్టండి.

తణుకు_పెరడు:
సరేనండి. వీధిలో అడిగాను, చాలామంది సీసాకి సై అన్నారు. పందెం పుంజులవాళ్లే, సూది వేస్తే పౌరుషం చచ్చిపోతుందని ఒప్పుకోవట్లేదు.

కరీంనగర్_గంప:
ఊరూరు తిరిగొచ్చేటిదే ఆ పుంజు. ముందుగాల దానికే వేయాలె!