జోంగా మ్యాట్ పెయింట్ మీద వాక్స్ పూసేశారు, ఎలా తీయాలి? లోపల మిగిలిన పాత ఆలివ్ గ్రీన్ కూడా కాపాడుకోవాలి

జోంగా_తిరుపతి

అందరికీ నమస్కారం. మాది తిరుపతి, తిరుచానూరు రోడ్డు వైపు. మా నాన్న ఆర్మీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. 2003లో వేలంలో ఒక జోంగా (ఆర్మీ వాడిన జీపు లాంటి బండి) కొన్నారు, జబల్‌పూర్ వెహికల్ ఫ్యాక్టరీ బండి, ఆరు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్. ఆలివ్ గ్రీన్‌తో రోడ్డు మీద తిప్పకూడదు కాబట్టి అప్పుడే పైనంతా మట్టిరంగు మ్యాట్ ఎనామిల్ వేయించారు. తర్వాత మళ్లీ ఒక్కసారి కూడా రంగు వేయించలేదు. నాన్న పోయి రెండేళ్లయింది, బండి ఇప్పుడు నా చేతికొచ్చింది.

మొన్న ఆయుధ పూజకు ముందు కడిగించడానికి ఒక వాషింగ్ సెంటర్‌లో ఇచ్చాను. నేను కడగమని మాత్రమే చెప్పాను, వాళ్లు మంచి చేస్తున్నామనుకుని కుడివైపు డోరు, మడ్‌గార్డు, బానెట్‌లో సగం పాలిష్ పెట్టి మెషిన్‌తో రుద్దేశారు. నేను వెళ్లి ఆపించేసరికి అంతవరకు అయిపోయింది. ఇప్పుడు కుడివైపు నూనె రాసినట్టు మెరుస్తోంది, ఎడమవైపు ఎప్పటిలాగే ఉంది. బానెట్ మీద చెయ్యి పెడితే తెల్లటి పొడి అంటుతోంది. పూజలో పెట్టిన పసుపు, కుంకుమ మరకలు కూడా ఉన్నాయి.

మా బావ ఏమంటాడంటే మిగతాది కూడా కాంపౌండ్ (పాలిష్ పేస్టు) పెట్టి రుద్దించెయ్, అంతా ఒకేలా ఉంటుంది అని. నాకు మనసు ఒప్పడం లేదు.

ఇంకో విషయం. టూల్ బాక్స్ మూత లోపలివైపు, డాష్‌బోర్డు కింద అసలు ఆలివ్ గ్రీన్ అలాగే ఉంది. మూత మీద తెల్లటి స్టెన్సిల్ అంకెలు కూడా సగం కనిపిస్తాయి, వాటి మీద గ్రీజు, దుమ్ము కలిసి గట్టిగా పట్టేసింది. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడినప్పుడు ముందు చక్రం పైన మట్టిరంగు కింద నుంచి టీ, పీ అనే రెండు ఇంగ్లిష్ అక్షరాల అంచులు లేచి కనిపిస్తాయి. చిన్నప్పుడు నాన్న వేలితో ఆ అంచు మీద రాసి చూపించేవారు. అవి పోకుండా బండిని శుభ్రం చేసే పద్ధతి తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

చిత్తూరు_పెయింట్‌షెడ్డు

తమ్ముడూ, ముందు ఆ బఫింగ్, అదే మెషిన్‌తో రుద్ది మెరిపించే ఆలోచన పూర్తిగా మానుకో. మీ బావ మంచికే చెప్పుంటాడు కానీ మ్యాట్ పెయింట్‌కి ఆ లెక్క పనికిరాదు.

మామూలు కారు పెయింటు పైపొర అద్దంలా నున్నగా ఉంటుంది, అందుకే వెలుతురు ఒకేవైపు తిరిగొచ్చి మెరుస్తుంది. మ్యాట్‌లో సిలికా లాంటి సన్నటి పొడి కలుపుతారు. అది ఆరాక పైపొర కంటికి కనపడనంత గరుకుగా తయారై, పడ్డ వెలుతురును నాలుగువైపులకీ చెదరగొడుతుంది. మిలటరీ బండికి ఆ రంగు వేసేదే ఎండలో మెరిసి దూరానికి కనిపించకూడదని. రుద్దితే ఆ గరుకు అరిగిపోతుంది, అరిగింది మళ్లీ రాదు. అలాగే చిన్న గీత పడినా నున్నగా పాలిష్ చేసి కలిపేయలేం, ఆ ముక్క మొత్తం అంచు నుంచి అంచు దాకా మళ్లీ వేయాల్సిందే.

ఇప్పుడు నీ కుడివైపు సంగతి. అది మెరవడానికి రెండు కారణాలు ఉండొచ్చు. ఒకటి, గరుకు మధ్యలో వాక్స్ నిండుకోవడం. రెండోది, మెషిన్ వల్ల పెయింటే అరిగి నున్నబడటం. ఏదో తెలుసుకోవడానికి హార్డ్‌వేర్ షాపులో దొరికే మినరల్ టర్పెంటైన్ తెచ్చుకో. థిన్నర్ కాదు, ఇది గట్టిగా గుర్తుపెట్టుకో, ఎన్‌సీ థిన్నర్ (నైట్రోసెల్యులోజ్ రంగుల్లో కలిపే ఘాటైన ద్రావకం) తగిలితే పాత ఎనామిల్ మెత్తబడి ముడతలొచ్చి లేస్తుంది. తెల్లటి కాటన్ గుడ్డ టర్పెంటైన్‌లో తడిపి, బాగా పిండి, డోరు కింది అంచు దగ్గర అరచేతి మేర ఒకే దిశలో రెండుసార్లు లాగు, వెంటనే పొడి గుడ్డతో అద్దు. మెరుపు పోతే అది వాక్స్, అలాగే చిన్న చిన్న ముక్కలుగా మొత్తం తీసేయొచ్చు, ప్రతిసారీ గుడ్డ మడత మార్చుకుంటూ, లేకపోతే తీసిన వాక్స్‌నే మళ్లీ పూస్తావు. మెరుపు పోకపోతే పెయింటు అరిగిపోయినట్టే, టర్పెంటైన్ ఎంత రాసినా లాభం లేదు. గుడ్డకి రంగు ఎక్కువగా అంటుకుంటుంటే అక్కడే ఆపెయ్.

బానెట్ మీద తెల్లపొడి ఎండ వల్ల. మన దగ్గర ఏప్రిల్, మేలో 40 డిగ్రీలు దాటే ఎండకి ఎనామిల్‌లోని రెసిన్ చచ్చిపోయి రంగు పొడి వదులైపోతుంది. కడిగితే వదులు పొడి పోయి రంగు కొంచెం ముదురుగా కనిపిస్తుంది, కానీ ప్రతి కడుగుకీ ఒక పొర తగ్గుతుందని గుర్తుంచుకుని తక్కువసార్లు కడుగు.

కడిగేటప్పుడు ఉదయం ఏడు లోపు, రేకు చల్లగా ఉన్నప్పుడే. ముందు ఊరికే నీళ్లు పారించి దుమ్ము దించు, గుడ్డ తర్వాత. రెండు బకెట్లు పెట్టుకో, ఒకదాంట్లో వాక్స్ లేని కార్ షాంపూ కొంచెం, ఇంకోదాంట్లో ఉత్త నీళ్లు, గుడ్డ జాడించుకోవడానికి. గుండ్రంగా రుద్దకు, పైనుంచి కిందికి తేలిగ్గా లాగు. బట్టల సర్ఫ్, చాకలి సోడా, ఇంజన్ డీగ్రీజర్ వద్దు. వీటి క్షారం ఎనామిల్‌లోని నూనె భాగాన్ని సబ్బు చేసేస్తుంది, అందుకే ఆ నీళ్లతో కడిగిన బండి ఆరాక తెల్లబారినట్టు అవుతుంది. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, ఆరితే తెల్ల చుక్కలు పడతాయి, మ్యాట్ మీద వాటిని రుద్ది తీయలేవు కూడా. చివరి జాడింపు పట్టి పెట్టుకున్న వాననీళ్లతోనో ఆర్‌ఓ నీళ్లతోనో చెయ్యి, వెంటనే మెత్తటి గుడ్డ అద్ది ఆరబెట్టు.

పసుపు గురించి బెంగ వద్దు, ఎండ తగిలితే కొన్ని రోజుల్లో దానంతట అదే వెలిసిపోతుంది. కుంకుమ రంగు అలా పోదు. తడి గుడ్డ పది నిమిషాలు కప్పి ఉంచి అద్ది చూడు, పోయినంత పోతుంది, మిగిలినదాని కోసం పెయింట్ గీకకు. ఇక ముందు కాణిపాకం తీసుకెళ్లి పూజ చేయించినా నంబరు ప్లేటు మీదో, టైరు మీదో బొట్టు పెట్టమని అయ్యవారిని అడుగు, కాదనరు.

పలమనేరు_పాతబండ్లు

పైన అన్న చెప్పింది కరెక్టే. నేను ఒక మాట కలుపుతా, ఎందుకంటే ఎవరో ఒకరు నీకు డీజిల్ గుడ్డతో తుడవమని చెప్తారు. మా ఊళ్లో పాత లారీ డ్రైవర్లు చాలామంది అలాగే చేసేవాళ్లు. రంగు కొత్తదిలా ముదురుగా కనిపిస్తుంది, ఒక రోజు. రెండో రోజు నుంచి దుమ్మంతా దానికే అంటుతుంది, అద్దాల చుట్టూ రబ్బరు ఉబ్బుతుంది. నేను నా ఎంఎం 540 (మహీంద్రా జీపు)కి నాలుగేళ్ల కిందట ఇదే చేశాను, ఇప్పటికీ విండ్‌షీల్డ్ రబ్బరు సరిగ్గా కూర్చోదు, వాన పడితే కాళ్ల మీద నీళ్లు కారతాయి.

ఇంకొందరు ఉడికించిన అవిసె నూనెలో టర్పెంటైన్ కలిపి పల్చగా రాస్తారు. వెలిసిన రంగు లేచి వస్తుంది, అది నిజమే, నేను వేరేవాళ్ల బండి మీద చూశాను. కానీ అది ఆరాక పెయింట్‌లో భాగమైపోతుంది, తర్వాత పసుపు రంగుకు తిరిగితే వెనక్కి తీసే దారి లేదు. మీ నాన్నగారి బండికి నేనైతే రాయను. రాసేవాళ్లెవరైనా ఉంటే ఒక్కటి వినండి, ఆ నూనె తుడిచిన గుడ్డలు ఉండ చుట్టి మూల పడేయకండి, అవి ఆరుతూ వేడెక్కి ఏ నిప్పూ లేకుండానే అంటుకుంటాయి. నీళ్లలో ముంచి పెట్టండి, లేదా విడివిడిగా బయట ఆరేయండి.

షాంపూ బదులు కుంకుడుకాయ రసం వాడొచ్చా అని నన్ను చాలామంది అడిగారు. నేను వాడతాను. పట్టు చీరలకి వాడేదే కదా, క్షారం ఉండదు. గుడ్డలో రెండుసార్లు వడకట్టాలి, పిప్పి ఉంటే గీతలు పడతాయి. రసం పెయింట్ మీద ఆరనివ్వకుండా వెంటనే జాడించాలి.

బండి ఎక్కడ పెడుతున్నావో చెప్పలేదు. చింతచెట్టు కింద అయితే వెంటనే మార్చు, కాకుల రెట్ట ఎండలో అరపూట ఉంటే చాలు, మ్యాట్ మీద దాని ముద్ర ఉండిపోతుంది. ప్లాస్టిక్ పట్ట బిగించి కప్పకు, నవంబరు వానల్లో లోపల చెమ్మ పట్టి తుప్పు మొదలవుతుంది. 2021 నవంబరులో తిరుపతిలో వరదలు వచ్చినప్పుడు మా స్నేహితుడి జీపు నీళ్లలో మునగలేదు, వారం రోజులు పట్ట కింద ఉంది అంతే, తీసి చూస్తే ఫ్లోర్ మ్యాట్ కింద రేకు ఎర్రగా పొక్కులు. రేకుల షెడ్డు, గాలి ఆడేలా కాటన్ కవరు, అది చాలు. కవరు కూడా దుమ్ము దులిపాకే వెయ్యాలి.

రిటైర్డ్_ఈఎంఈ_మదనపల్లె

బాబూ, నేను ఆర్మీలో బండ్లు బాగుచేసే ఈఎంఈ విభాగంలో చేసి రిటైరయ్యాను, మీ పోస్టు చదివి ఆగలేక రాస్తున్నాను. మీరు చెప్పిన టీ, పీ అక్షరాలు టైర్ ప్రెజర్‌కి గుర్తు. చక్రం పైన ఆ అక్షరాలు, పక్కన గాలి ఎంత ఉండాలో అంకె రాస్తాం. చీకట్లో వేరే యూనిట్ వాడు వచ్చి గాలి కొట్టినా పుస్తకం వెతుక్కోకుండా చూడగానే తెలియాలని. మీ నాన్నగారు ఆ అంచుని వేలితో చూపించారంటే ఆయన చేత్తోనే ఎన్నో బండ్లకు గాలి చూసి ఉంటారు. ఆ మడ్‌గార్డు మీద ఎవరినీ వాటర్ పేపర్ (నీళ్లతో రుద్దే గరుకు కాగితం) పెట్టనివ్వకండి, ఒక్కసారి పెడితే ఆ అంచు శాశ్వతంగా పోతుంది.

అందుకని నా సలహా, టర్పెంటైన్‌తో వాక్స్ పోతే సంతోషం. పోకపోతే, కుడి మడ్‌గార్డు నున్నగా అయిపోయి ఉంటే, అలాగే ఉండనివ్వండి. రెండు వైపులా తేడా కనిపిస్తుందని దాన్ని గీకి రంగు వేయించకండి. డోరు మీద రంగు కింద ఏ గుర్తులూ లేకపోతే కావాలంటే డోరు ఒక్కటి వేయించుకోండి. వేసేవాడికి చెప్పండి, మ్యాట్ డబ్బా అడుగున పొడి పేరుకుని ఉంటుంది, అడుగు దాకా కర్ర పెట్టి పది నిమిషాలు కలపాలి. కలపకుండా వేస్తే సగం డబ్బా మెరుస్తుంది, సగం చాక్‌పీసులా వస్తుంది.

టూల్ బాక్స్ మూత విషయానికి వస్తే, దాన్ని బండి కడిగినట్టు కడగొద్దు. ముందు ఏటవాలు వెలుతురులో ఫోటోలు తీసి పెట్టుకోండి, పక్కన స్కేలు పెట్టి, అంకెల ఎత్తు, మధ్య దూరం తెలిసేలా. తర్వాత గోరువెచ్చటి నీళ్లలో రెండు చుక్కల షాంపూ, చెవిలో పెట్టుకునే దూది పుల్లలు ఒక ప్యాకెట్. అంకె లేని మూల నుంచి మొదలుపెట్టి, పుల్ల తడిపి దొర్లించండి, రుద్దొద్దు. నల్లగా వస్తే మురికి, పచ్చగా వస్తే పెయింటు, తెల్లగా వస్తే స్టెన్సిల్ లేస్తోంది, ఆపేయండి. గట్టి గ్రీజుకి మాత్రం టర్పెంటైన్, అదీ పచ్చ భాగం మీదే. రోజుకి అరచేతి మేర చేస్తే చాలు. తుప్పు చుక్కలు కనిపిస్తే రస్ట్ రిమూవర్ పోయకండి, అందులో ఫాస్ఫారిక్ యాసిడ్ ఉంటుంది, చుట్టూ ఉన్న పెయింట్ కిందికి దూరుతుంది. అగ్గిపుల్ల కొనని అందులో కొంచెం ముంచి తుప్పు మీద మాత్రమే పెట్టి, తుడిచేయండి.

పాత రంగు కింద పసుపు పచ్చ ప్రైమర్ కనిపిస్తే అది జింక్ క్రోమేట్ (ఒంటికి హాని చేసే క్రోమియం రసాయనం) అయ్యుండొచ్చు. పాత పెయింట్లలో సీసం కూడా ఉండేది. పొడిగా గీకి ఆ దుమ్ము పీల్చకండి, ఎక్కడైనా తప్పనిసరైతే తడిపి, మాస్కు పెట్టుకుని చేయండి, ఇంట్లో పిల్లలుంటే మరీ జాగ్రత్త.

రంగు గురించి ఎవరైనా మళ్లీ ఆలివ్ గ్రీన్ వేయించెయ్ అంటే వినకండి. సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్ 1989లో 121వ రూలు ప్రకారం ఆ రంగు రక్షణ శాఖ బండ్లకే. లోపల మిగిలిన పాత రంగు జోలికి ఎవరూ రారు, బయట మాత్రం మీ నాన్నగారు వేయించిన మట్టిరంగే ఉండనివ్వండి. వేరే రంగుకి మారిస్తే ఆర్‌సీలో కూడా మార్పించుకోవాలి.

జోంగా_తిరుపతి

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. ఆలస్యమైంది, రెండు ఆదివారాలు పట్టింది.

చిత్తూరు అన్న చెప్పినట్టు డోరు కింద టెస్ట్ చేశాను. డోరు మీద మెరుపు దాదాపు పోయింది, అది వాక్సే. పదమూడు గుడ్డ ముక్కలు పట్టాయి. బానెట్ సగం కూడా చాలావరకు వచ్చింది. మడ్‌గార్డు మాత్రం ఎంత తుడిచినా మెరుస్తూనే ఉంది, అక్కడ పెయింటు అరిగిపోయింది. సార్ చెప్పినట్టు దాన్ని అలాగే వదిలేశాను. అక్షరాల అంచులు వేలికి తగులుతున్నాయి, కొంచెం మెత్తబడ్డాయి కానీ ఉన్నాయి. ఎడమవైపు చక్రం పైన కూడా ఉన్నాయని ఇప్పుడే గమనించాను, టార్చి పక్కనుంచి కొట్టి చూస్తే పక్కన ఒక అంకె కూడా తెలుస్తోంది, రెండో అంకె 8 అనుకుంటా, మొదటిది ఇంకా తేలలేదు. ఫోటో తీసి పెట్టాను.

టూల్ బాక్స్ మూత రోజూ రాత్రి అరగంట చేస్తున్నాను, మా పాప పుల్లలు తడిపి అందిస్తోంది, టర్పెంటైన్ ఆమెను ముట్టుకోనివ్వడం లేదు. మురికి కింద పచ్చ రంగు నేను అనుకున్నదానికన్నా ముదురుగా, కొత్తగా ఉంది. ఎండ తగల్లేదు కాబట్టి అనుకుంటా. నాలుగు అంకెలు స్పష్టంగా వచ్చాయి, ఐదోదాని దగ్గర పుల్లకి తెల్లగా అంటింది, ఆపేశాను.

చింతచెట్టు లేదు కానీ వేపచెట్టు ఉంది. బండి షెడ్డులోకి మార్చాను. పలమనేరు అన్నా, మీరు చెప్పాక ఫ్లోర్ మ్యాట్ ఎత్తి చూశాను, డ్రైవర్ వైపు పెడల్స్ కింద రెండు చోట్ల పొక్కులున్నాయి, ఒకటి నొక్కితే మెత్తగా ఉంది. అక్కడ కూడా కింద ఆలివ్ గ్రీన్ ఉంది. రేకు కోసి అతుకు వేయించాలా, లేక కోయకుండా తుప్పును అక్కడితో ఆపొచ్చా? రేపు పగటి వెలుతురులో ఫోటోలు తీసి పెడతాను, చూసి చెప్పండి.