జనవరిలో కేదార్‌కంఠ వెళ్తున్నాం: మంచు చరియల ప్రమాదం లేని దారిని గుర్తించడం ఎలా?

వింజమూరు వాసి:
అందరికీ నమస్కారం. జనవరి మూడో వారంలో మా మేనమామ కొడుకులతో కలిసి ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ వెళ్తున్నాను. నెల్లూరు నుంచి ఢిల్లీకి రైలు, అక్కడి నుంచి డెహ్రాడూన్ మీదుగా, నడక మొదలయ్యే సాంక్రి గ్రామం. శిఖరం సుమారు 12,500 అడుగులు. ఉదయగిరి దుర్గం, పెంచలకోన కొండలు ఎక్కిన అలవాటు ఉంది గానీ మాలో ఎవరూ మంచు మీద అడుగు పెట్టలేదు. గైడుతో ఫోనులో మాట్లాడాను. శిఖరం ఎక్కే రోజు మంచు బాగా పడి మామూలు బాట మూసుకుపోతే పక్కనున్న ఇరుకు లోయ మీదుగా అడ్డదారి ఉందని, గంట కలిసొస్తుందని అన్నాడు. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి మా అత్తకు నిద్ర లేదు. ఏ వాలు ప్రమాదమో మాలాంటివాళ్లు చూసి చెప్పగలరా?

ఒంగోలు బాటసారి:
గైడు ఆ కొండల్లోనే పుట్టి పెరిగినవాడు. అతని మాట వినండి, చాలు. ఆ శిఖరానికి ఏటా వేలమంది వెళ్లి క్షేమంగా వస్తున్నారు.

గిద్దలూరు మాజీ హవల్దార్:
బాబూ, మీ అత్తగారి భయం సబబైనదే. నా ఉద్యోగంలో ఎక్కువ కాలం కశ్మీర్‌లో మంచు కొండల మీది పోస్టుల్లో గడిచింది. వేలమంది వెళ్లొచ్చారన్న మాట ఆ రోజు వాలు గురించి ఏమీ చెప్పదు. నిన్న వందమంది నడిచిన చోటే రాత్రి గాలికి కొత్త మంచు చేరితే, తెల్లవారి మొదట అడుగు పెట్టినవాడి బరువుకే తెగవచ్చు. చరియల్లో చనిపోయేవారిలో చాలామంది విషయంలో ఆ మంచును కదిలించింది వాళ్లో, వాళ్ల బృందంలోని మనిషో.

ముందు వాలు కొలవడం నేర్చుకోండి. పలకలుగా తెగే మంచు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలు మీదే తెగుతుంది. సమాన పొడవున్న రెండు చేతికర్రలు తీసుకోండి. ఒకదాన్ని నిటారుగా నిలబెట్టండి. రెండోదాని మొదలు నిలువు కర్రకు ఆనించి, మొన ఎగువ వైపు ఉండేలా అడ్డంగా పట్టుకుని పై నుంచి మెల్లగా దించండి. మొన నేలను తాకగానే ఆపండి. నిలువు కర్ర సరిగ్గా సగం దగ్గర ఆగితే వాలు దాదాపు 27 డిగ్రీలు. సగం కన్నా పైన ఆగితే ప్రమాదం మొదలవుతున్నట్టే. కర్ర తల దగ్గరే ఆగితే 45. ఉదయగిరి కొండ మీద ఒక ఆదివారం ఇదే పనిగా కొలిచి చూడండి, కంటికి అలవాటు పడుతుంది. అనుమానమున్న మంచు వాలులోకి దిగి మాత్రం కొలవకండి. పక్కగా నిలబడి, ఫోనులో కోణం కొలిచే యాప్‌తో దాని అంచును గురిచూస్తే చాలు.

అసలు సంగతి ఇది: మీ కాళ్ల కింద చదునుగా ఉంటే సరిపోదు, తల పైన ఏముందో చూడాలి. 2023 ఏప్రిల్ 4న సిక్కింలో నాథూలా వెళ్లే రోడ్డు దగ్గర ఏడుగురు పర్యాటకులు చరియ కింద చిక్కుకుని చనిపోయారు. వాళ్లు శిఖరాలు ఎక్కడానికి వెళ్లినవాళ్లు కాదు. పై నుంచి వచ్చే మంచు వాలు ముగిశాక కూడా చాలా దూరం పరుగెత్తుతుంది.

ఇక డిసెంబరు, జనవరి మంచు. మొదట కురిసిన పలచని పొర మీద పొడి చలి రాత్రులు వరసగా గడిస్తే, అడుగున ఉన్న మంచు గరుకు గింజలుగా మారుతుంది. చేతి తొడుగుతో తవ్వి పిడికిలి పట్టి చూడండి, ముద్ద కట్టదు, పంచదారలా వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది. దాని మీద తర్వాతి మంచును గాలి గట్టిగా పేర్చిందంటే పలక తయారైనట్టే. చలి ఎక్కువగా ఉంది కాబట్టి గట్టిగానే ఉంటుందిలే అనుకోవద్దు, ఆ గింజల పొర చలిలో వారాల తరబడి అలాగే ఉండిపోతుంది. నడుస్తుంటే కింద ఏదో కుంగినట్టు ‘ధుబ్’మని శబ్దం వచ్చినా, అడుగు పెట్టిన చోటు నుంచి మంచు మీద చీలిక పరుగెత్తినా, దగ్గరి కొండ మీద కొత్తగా విరిగిన చరియ కనిపించినా ఆ రోజుకు వాలు జోలికి పోకండి. వచ్చిన అడుగుల్లోనే వెనక్కి రండి.

గైడు చెప్పిన అడ్డదారి గురించి సూటిగా చెబుతున్నాను. మంచు పడ్డ రోజున ఇరుకు లోయలోకి దిగనే దిగవద్దు. పై వాలుల మంచంతా చేరేది అక్కడికే. చిన్న చరియైనా లోతుగా పూడ్చేస్తుంది, పక్కకు పరుగెత్తే చోటుండదు. బాట మూసుకుపోతే ఎక్కడం మానుకోవడమే సరైన పని. గాలి ఎదురుగా కొట్టే వైపున్న గట్టు, ఒత్తుగా పెరిగిన పాత అడవి, పైన నిటారు వాలు లేని చోటు, ఇవే దారులు. గట్టు మీదైనా అంచుకు పోకండి, అక్కడ గాల్లోకి పెరిగిన మంచు కింద నేల ఉండదు.

తప్పనిసరిగా వాలు దాటవలసి వస్తే మేము ఒక్కొక్కరుగా దాటేవాళ్లం. ఒకరు అవతలి గట్టుకు చేరేదాకా రెండోవాడు కదిలేవాడు కాదు. సంచి నడుము పట్టీ విప్పేవాళ్లం, కర్రల తాళ్లు మణికట్టుకు ఉండనిచ్చేవాళ్లం కాదు. పైకి చూస్తూ కేక వేయడానికి ఒకణ్ని నిలబెట్టేవాళ్లం.

పెన్నా ఒడ్డు:
హవల్దార్ గారు చెప్పినవాటికి నేను చూసింది కలుపుతాను. కేదార్‌కంఠ దారి కింది భాగం ఎక్కువగా అడవిలోనే సాగుతుంది, అక్కడ ధైర్యంగా ఉంటుంది. అడవి దాటి పైకి వచ్చాకే జాగ్రత్త. చెట్ల మధ్య ఖాళీ పట్టీలా కనిపించిన చోటల్లా ఆగి చూడండి. రెండు పక్కల చెట్లకు ఎగువ వైపు కొమ్మలు విరిగిపోయి, చిన్న మొక్కలు కిందికి వంగి ఉంటే అది చరియలు వచ్చే బాట. అక్కడ ఫొటోలకు నిలబడవద్దు, డేరా అసలే వేయవద్దు. దిగేటప్పుడు కుర్రాళ్లు బాట వదిలి పక్క వాలు మీద కూర్చుని జారడం చూశాను, మీవాళ్లను అది చేయనివ్వకండి. డబ్బు కట్టకముందే గైడును రెండు సంగతులు అడగండి: వెనక్కి తిరగాలని నిర్ణయించేది ఎవరు, శిఖరం ఎక్కకపోయినా అతనికి పూర్తి కూలి ముడుతుందా. రెండోది తేలకపోతే మొదటిదానికి మంచి జవాబు వచ్చినా నమ్మలేం.

ఒంగోలు బాటసారి:
స్థానికుడి అనుభవాన్ని తక్కువ చేస్తున్నామేమో అనిపిస్తోంది, హవల్దార్ గారూ.

గిద్దలూరు మాజీ హవల్దార్:
లేదండీ. ఆ కొండల మనుషులంటే నాకు ఎంతో గౌరవం. అయితే 2022 అక్టోబరు 4న అదే ఉత్తరకాశీ జిల్లాలో, ద్రౌపదీ కా డాండా మీద, పర్వతారోహణ శిక్షణ బృందం మీద చరియ పడింది. పాతికమందికి పైగా పోయారు. వాళ్లలో శిక్షణ ఇచ్చేవాళ్లూ ఉన్నారు. మంచు అనుభవాన్ని చూసి ఆగదు. గైడు మాట వినాలి, దానితో పాటు వాలునూ చూడాలి.

వింజమూరు వాసి:
చాలా కృతజ్ఞతలు సార్, పెన్నా ఒడ్డు గారికి కూడా. అడ్డదారి వద్దని గైడుకు చెప్పేశాను, ఒప్పుకున్నాడు. ఇంకొక్క సందేహం: మంచులో పూడినవారిని కనిపెట్టే సిగ్నల్ యంత్రం అద్దెకు తీసుకుంటే మంచిదేనా?

గిద్దలూరు మాజీ హవల్దార్:
ఒక్కరి దగ్గర ఉంటే పనికిరాదు బాబూ. ప్రతి ఒక్కరి ఒంటి మీదా యంత్రం, సంచిలో మంచులో గుచ్చి వెతికే పొడవాటి మడత చువ్వ, పార, మూడూ ఉండాలి, వాడటం సాధన చేసి ఉండాలి. పూడిన మనిషిని పది నిమిషాల్లోపే బయటికి తీస్తే పదిమందిలో సుమారు తొమ్మిదిమంది బతుకుతారు. అరగంట దాటితే మూడోవంతు కూడా కష్టమే. సాంక్రి నుంచి సాయం ఆలోపు రాదు. ఆ సాధన లేనప్పుడు 30 డిగ్రీలు, అంతకు మించిన వాలు కిందికి గానీ మీదికి గానీ పోకపోవడమే మీ రక్షణ.

బయలుదేరే వారం నుంచి డీఆర్‌డీఓకు చెందిన డీజీఆర్ఈ సంస్థ ఇచ్చే చరియల హెచ్చరికల్లో ఉత్తరకాశీ జిల్లాది రోజూ చూడండి. ప్రమాదాన్ని అయిదు స్థాయిల్లో చెబుతారు. మూడో స్థాయి అంటే మధ్యరకమే కదా అని తేలిగ్గా తీసుకోకండి, ఎక్కువ ప్రాణాలు పోయేది ఆ స్థాయిలోనే. తిరుగు రైలు టికెట్లు ఇంకా తీసుకోకపోతే మధ్యలో రెండు రోజులు ఖాళీ ఉంచుకుని తీసుకోండి. భారీగా మంచు కురిస్తే కనీసం ఆ రెండు రోజులు కింద అడవిలోనే ఆగాలి.