చర్చ: ముహూర్తం చూసి చేసే సిజేరియన్లను చట్టం పెట్టి ఆపాలా?

కొర్లగుంట అక్క:
మా చెల్లెలికి తొలి కాన్పు. తల్లీబిడ్డా బాగున్నారని డాక్టరమ్మ చెప్పింది. అయినా మొన్న ఆదివారం వాళ్ల మామ పంచాంగం పట్టుకొచ్చి, వచ్చే శుక్రవారం పొద్దున 9 నుంచి 10.20 లోపు బిడ్డ పుట్టాలని తేల్చేశాడు. ఆ రోజుకు 37 వారాలే నిండుతాయి. ప్రైవేటు ఆసుపత్రికి ఫోన్ చేస్తే ఆ టైముకు థియేటర్ ఖాళీగా ఉందన్నారు. ఎందుకని ఒక్క మాట అడగలేదు. ఇలాంటివి చట్టం పెట్టి ఆపాల్సిందే. మీరేమంటారు?

పలమనేరు తమ్ముడు:
అక్కా, తప్పంతా పంచాంగం మీదికి తోయొద్దు. మాకు ముహూర్తం ఎవరూ పెట్టలేదు. రాత్రి 11కి నొప్పులతో తీసుకుపోతే, రెండు గంటలు తిరక్కుండానే "ఉమ్మనీరు తగ్గింది, మెడకు పేగు చుట్టుకుంది, సంతకం పెట్టండి" అన్నారు. చేతులు వణుకుతుంటే కాగితం ఏం చదువుతాను? పెట్టేశాను. ఆ కోత నిజంగా అవసరమైందో లేదో ఈ రోజుకీ నాకు తెలీదు.

రిటైర్డ్ స్టాఫ్ నర్సు, చిత్తూరు:
చట్టం తెస్తే ఏమవుతుందో చెప్తాను. కేసు షీటులో ముహూర్తం అని ఎవరూ రాయరు, "ఉమ్మనీరు తగ్గింది" అని రాస్తారు. తమ్ముడు విన్న మాటే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. ప్రభుత్వ ఆసుపత్రుల్లో 26.6, ప్రైవేటులో 63 శాతం. ప్రభుత్వ లెక్కలో సిజేరియన్లు చేయని చిన్న పీహెచ్‌సీలు కూడా కలుస్తాయి, నిజమే. కానీ బీపీ పెరిగి, రక్తం తగ్గి, చేతులెత్తేసిన కేసులు చివరికి చేరేది కూడా ప్రభుత్వ పెద్దాసుపత్రికే కదా. అంత తేడా ఎందుకుండాలి? సిజేరియన్లు 10 శాతం దాటాక తల్లీబిడ్డల మరణాలు ఇంకా తగ్గినట్టు కనబడలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది.

నన్నడిగితే చూడాల్సింది తొలి కాన్పు. అక్కడ కోత పడితే రెండోదీ దాదాపు అంతే, దాంతోపాటే ట్యూబెక్టమీ, అంటే ఇక పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్. అందుకే రాబ్సన్ పద్ధతిలో గర్భిణులను పది గుంపులుగా విడదీసి లెక్క కడతారు. తొలి కాన్పా, బిడ్డ తల కిందికుందా, నెలలు నిండాయా, నొప్పులు వాటంతటవే వచ్చాయా, ఇవన్నీ అందులో తేలతాయి. ప్రతి ఆసుపత్రీ ఆ లెక్కను గోడ మీద పెట్టాలి.

ఇంకో మాట అమ్మా. ఏ ఇబ్బందీ లేనప్పుడు 39 వారాలకు ముందు కోత పెట్టకూడదు. 37కే తీస్తే కొందరు బిడ్డలకు ఊపిరితిత్తుల్లో నీరు ఆరక ఆయాసం వస్తుంది. డొక్కలు ఎగరేస్తూ, ముక్కుపుటాలు అదురుతూ, ఆక్సిజన్ పెట్టెలో పడుకున్న అలాంటి పసిబిడ్డలను నా డ్యూటీలో చాలామందిని చూశాను. జాతకం బాగుండాలని తీసిన బిడ్డలు కూడా వాళ్లలో ఉన్నారు.

పలమనేరు తమ్ముడు:
గోడ మీద లెక్క అర్ధరాత్రి ఎవరు చదువుతారమ్మా? "ఇంకో రెండు గంటలు చూద్దాం, బిడ్డ గుండె బాగానే కొట్టుకుంటోంది" అని పక్కన నిలబడి చెప్పే మనిషి కావాలి. ఆ రోజు మీలాంటి వాళ్లు ఒక్కరుంటే నేను సంతకం పెట్టేవాణ్ని కాదేమో.

రిటైర్డ్ స్టాఫ్ నర్సు, చిత్తూరు:
ఒప్పుకుంటాను నాయనా. ఒకే నర్సు నలుగురు నొప్పుల మనుషులను చూసుకునే చోట ఓపిక ఎక్కడి నుంచి వస్తుంది? లెక్కతో పాటు మనుషులనూ పెంచాలి.

కొర్లగుంట అక్క:
చట్టం సంగతి మళ్లీ మాట్లాడుకుందాం. రేపు చెకప్‌కు నేనూ పోతున్నా, వాళ్ల మామనూ రమ్మన్నా. 37 వారాలకే తీస్తే బిడ్డకు ఏమవుతుందో ఆయన ముందే డాక్టరమ్మను అడుగుతాను.