టాస్క్ మేనేజర్ తెరవగానే మాయమయ్యే ప్రాసెస్ – మూలం ఎక్కడ?

విండోస్ 11, 16 జీబీ ర్యామ్ ఉన్న డెస్క్‌టాప్. పది నిమిషాలు ముట్టుకోకుండా వదిలేస్తే ఫ్యాన్ రయ్యిమంటుంది, మౌస్ ఆగి ఆగి కదులుతుంది. టాస్క్ మేనేజర్ తెరిస్తే చాలు, లైటు వేయగానే నక్కిన దొంగలా అంతా సైలెంట్!

నడుస్తున్న ప్రోగ్రామ్‌లన్నీ చూపించే ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ అనే టూల్‌ను, అది గుర్తుపట్టకుండా పేరు మార్చి నడిపితే మాత్రం దొరికింది: సీపీయూ 90 శాతం తింటూ, యాప్‌డేటా రోమింగ్ ఫోల్డర్‌లో (ప్రోగ్రామ్‌లు తమ సెట్టింగ్స్ దాచుకునే చోటు) పిచ్చి అక్షరాల పేరుతో ఒక ఫైల్. తయారుచేసిన కంపెనీ ఎవరో నిరూపించే డిజిటల్ సంతకం లేదు. విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్‌తో ఫుల్ స్కాన్, ఆఫ్‌లైన్ స్కాన్ (విండోస్ మొదలవకముందే జరిగేది) రెండూ ఏమీ లేదన్నాయి. అవసరమైనవి మాత్రమే నడిచే సేఫ్ మోడ్‌లో ఆ ఫైల్‌ను డిలీట్ చేశాను. రీస్టార్ట్ అవగానే కొత్త పేరుతో మళ్లీ ప్రత్యక్షం. ప్రోగ్రామ్‌లు వాటంతటవే మొదలయ్యే చోట్లయిన స్టార్టప్ యాప్స్, టాస్క్ షెడ్యూలర్, రిజిస్ట్రీ (విండోస్ సెట్టింగ్స్ నిల్వ) రన్ కీలలో అనుమానించదగ్గది కనిపించలేదు. పాస్‌వర్డ్‌లు ఫోన్ నుంచి మార్చేశాను కాబట్టి ఆ టెన్షన్ కొంత తగ్గింది.

ఫార్మాట్ చేసేలోపు, ఈ ఫైల్‌ను మళ్లీ మళ్లీ పుట్టిస్తున్నదేదో పట్టుకోవాలంటే ఇంకా ఎక్కడ వెతకాలి?