కీమోతో పీరియడ్స్ ఆగితే మెనోపాజ్ వచ్చేసినట్టేనా?
మాది కావలి. మా అక్కకి 42 ఏళ్లు, రొమ్ము క్యాన్సర్, రిపోర్టులో ఈఆర్ పాజిటివ్ (ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్‌తో పెరిగే రకం), హెర్2 నెగటివ్ (హెర్2 అనే ప్రోటీన్ ఎక్కువగా లేదు) అని ఉంది. కీమో మధ్యలో పీరియడ్స్ ఆగిపోయాయి, రాత్రిళ్లు ఒళ్లంతా చెమటలు పట్టి దుప్పటి తన్నేస్తోంది. డాక్టర్ టామోక్సిఫెన్ (క్యాన్సర్ కణాల మీద ఈస్ట్రోజెన్ పనిచేయకుండా అడ్డుకునే మాత్ర) రాశారు. మా పెద్దమ్మకి 63 ఏళ్లప్పుడు ఇదే రకం వస్తే లెట్రోజోల్ ఇచ్చారు, అక్కకి అదెందుకు ఇవ్వలేదని ఇంట్లో ఒకటే టెన్షన్. నేను చదివినదాన్ని బట్టి మెనోపాజ్ తర్వాత ఈస్ట్రోజెన్ ఎక్కువగా కొవ్వులోనే తయారవుతుంది, లెట్రోజోల్ ఆపేది దాన్ని, అండాశయాలు ఇంకా పనిచేసే వయసులో అదొక్కటే ఇస్తే లాభం లేదు, పైగా అవి మళ్లీ మేలుకోవచ్చు కూడా.

నలభై దాటాక కీమోతో ఆగి, మళ్లీ పీరియడ్స్ వచ్చినవాళ్లు ఉన్నారా? అండాశయాలు పనిచేస్తున్నాయో లేదో తెలిపే ఎస్ట్రాడయోల్, ఎఫ్‌ఎస్‌హెచ్ పరీక్షలు ఎన్నాళ్లకోసారి చేయించారు? అండాశయాలను ఆపే ఇంజెక్షన్‌తో కలిపి లెట్రోజోల్ వాడినవాళ్లుంటే, కీళ్లనొప్పులు ఎలా ఉన్నాయో కూడా దయచేసి చెప్పండి, వచ్చేసారి డాక్టర్ని ఏం అడగాలో రాసుకుంటున్నాను.